నెత్తురు పడితే మొలలేనా?

మలంలో నెత్తురు కనబడితే మన ఊళ్లలో మూడు మాటలు వినబడతాయి. వేడి చేసింది, కారం ఎక్కువైంది, మొలలు. మానుకోట (మహబూబాబాద్)లో మిర్చి ఏరే కూలీకైనా, భూపాలపల్లి బొగ్గుబావిలోకి దిగే కార్మికుడికైనా అవే మాటలు. ఆ వెంటనే ఒక సూది, నాలుగు యాంటీబయాటిక్ గోలీలు. నెల రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. ఇట్లా ఏళ్లు పోగొట్టుకున్న రోగులం, మా ఇంటివాళ్లు కలిసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఈ సంఘం పెట్టుకుంటున్నాం. పేరు ఇంకా కుదరలేదు. పని మాత్రం తెలుసు.

మా జబ్బు పేగుపూత: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. ఇది పట్నపోళ్ల జబ్బని చెబుతూ వచ్చారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు లక్షణాలున్న 30 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించి 2023లో లెక్క ప్రచురించారు. పట్నంలో ఎంతో పల్లెలోనూ దాదాపు అంతే. ఇక ఆ మాట మా ముందు అనొద్దు.

ఈ జబ్బులో ఫంగస్ సంగతీ చూడాలి. పేగులో బ్యాక్టీరియాతో పాటు అదీ ఉంటుంది. లెక్కకు కొంచెమే, కానీ ఊరుకునే రకం కాదు. ఫంగస్‌ను గుర్తుపట్టే డెక్టిన్-1 అనే ప్రొటీన్ లేని ఎలుకలకు పేగువాపు ముదురుతుందని 2012లో తేలింది. చుండ్రుతో ముడిపడిన మలసీజియా కొందరు క్రోన్స్ రోగుల పేగు గోడకు అంటుకుని ఉందని 2019లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపారు. కాండిడా చాలామంది కడుపులో ఉండేదే. అందులో కొన్ని రకాలే కాండిడలైసిన్ అనే విషం వదిలి వాపును రాజేస్తాయని 2022లో తెలిసింది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, కాండిడాను ముట్టదు. పైరు పీకేసిన చేనులో తుంగ ఎట్లా పరుచుకుంటుందో రైతులకు మేం చెప్పాలా?

బయటి దేశాల్లో పనికొచ్చే ప్రతి పరీక్షా ఇక్కడ పనికిరాదు. క్రోన్స్ రోగుల నెత్తురులో ఈస్టుకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను వెతికే పరీక్ష ఒకటుంది. కల్లును పులియబెట్టేదీ ఆ జాతి ఈస్టే. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. ఈ పరీక్ష రెండింటినీ వేరుచేయలేదని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2007లోనే రాశారు. క్రోన్స్ ఉన్నవాళ్లు నెలల తరబడి టీబీ మందులు మింగడం ఇక్కడ వింతేం కాదు. అందుకే అంబలి, కల్లు, పచ్చిపులుసు ఎరిగిన మా పేగుల్లో ఏ ఫంగస్ ఉందో ఇక్కడే చూడాలి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నెత్తురు విరేచనాలు నాలుగు వారాలు దాటిన ఎవరికైనా అక్కడ కాల్‌ప్రొటెక్టిన్ మలపరీక్ష, కొలనోస్కోపీ, ముక్క పరీక్ష ఉచితంగా జరగాలి. మా నమూనాలు మా అనుమతితో దాచి, ఫంగస్ కోసం పరీక్షించాలి. ఫలితం మాకు తెలుగులో చెప్పాలి. ఆర్ఎంపీలతో కొట్లాట పెట్టుకోం, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే కదా. స్టెరాయిడ్ సూది వేసే ముందు పెద్దాసుపత్రికి చీటీ రాయమని మాత్రం అడుగుతాం.

ఫంగస్ పేరు చెప్పి గోలీలు, పొడులు అమ్మేవాళ్లను మాత్రం మా గడప తొక్కనివ్వం. యాంటీఫంగల్ మందులు పేగుపూతను నయం చేస్తాయని రుజువు కాలేదు. ఈ కాగితం చదివి వాడుతున్న మందు ఎవరూ ఆపొద్దు.

సభ్యత్వానికి రుసుము లేదు. అటక మీద క్యారీబ్యాగులో పడి ఉన్న పాత చీటీలు, రిపోర్టులు తీసుకుని రండి. మొదటి మీటింగులో వాటిని తారీఖులవారీగా పేర్చుకుందాం.