తుపాను వాకిట తాత్కాలికులు

2014 అక్టోబరు 12వ తేదీని తెలుగువారు, విశేషించి విశాఖపట్టణవాసులు, ఇంకను మరువలేదు. ఆనాడు హుద్‌హుద్ తుపాను ఆ నగరముపై విరుచుకుపడి, మహావృక్షములను వేళ్లతో పెకలించి, విమానాశ్రయపు కప్పును చీల్చి, దినముల తరబడి ఊరిని చీకటిలో ముంచెను. సరిగా ఆ దినముననే, కొద్ది గంటల తేడాతో, భూగోళమున కావలి ప్రక్కన అట్లాంటిక్ మహాసముద్రములోని బెర్ముడా ద్వీపమును ఫే అను మరియొక తుపాను తాకెను. అచ్చటివారు దానిని హరికేను అందురు. పేరు వేరే గాని జాతి ఒక్కటియే. అయిదు దినములు గడిచినవో లేదో, 17వ తేదీ రాత్రి, గోంజాలో అను అంతకంటె బలమైన గాలివాన అదే ద్వీపము మీదుగా పోయెను. మొదటి గాలికి చెడిన కప్పులను సరిచేసికొనుటకైనను రెండవది వ్యవధి నీయలేదు.

విశాఖవాసి ఇల్లు కూలినను ఊరు అతనిదే. బెర్ముడాలో గాలివాన ననుభవించువారిలో వేలకొలది జనమునకు ఆ ఊరు తమది కాదు. ఏనాటికిని కాగలదను భరోసాయు లేదు. ఆ సంగతి ముందుగనే చెప్పి చట్టము వారిని లోనికి రానిచ్చినది. ఆ ద్వీపపు తుపాను ఋతువును గూర్చిన వార్తలలో గాలివేగమును, నష్టపు డాలర్ల లెక్కయు కానవచ్చును గాని, ఈ విషయము అంతగా కానరాదు.

బెర్ముడా బ్రిటిషు కిరీటమునకు లోబడి స్వపరిపాలన గల దీవి. వైశాల్యము సుమారు 54 చదరపు కిలోమీటర్లు. మన మండలమంతయైనను లేదు. జనసంఖ్య దాదాపు 64 వేలు. మిక్కిలి దగ్గరనున్న భూభాగము అమెరికాలోని హాటెరస్ అగ్రము. అదియును వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున తుపాను వచ్చుచున్నదని తెలిసిన పిమ్మట ఊరు ఖాళీచేసి మెరకకు పోవుదమన్న మాటకు అచ్చట అర్థమే లేదు. విమానములు ఆగినచో ఉన్నవారందరును ఉన్నచోటనే ఉండవలెను. జూను 1 నుండి నవంబరు 30 వరకు ఋతువు. కోస్తా రైతునకు ఆశ్వయుజ కార్తికములెట్లో, బెర్ముడావాసికి సెప్టెంబరు, అక్టోబరు మాసములట్లు.

ఈ చిన్న దీవికి పరదేశులేల వచ్చుచున్నారు? సమాధానములో ఒక వింత యున్నది. 1992 ఆగస్టులో ఆండ్రూ అను హరికేను ఫ్లోరిడా రాష్ట్రమును ధ్వంసముచేయగా, అమెరికాలో కొన్ని బీమా కంపెనీలు చెల్లింపుల భారము తాళలేక దివాలా తీసెను. బీమా కంపెనీలకే బీమానిచ్చు పునర్బీమా వ్యాపారమునకు గొప్ప గిరాకి పుట్టెను. ఆ మరుసటి యేడాదిలోనే నూతన కంపెనీలు పెక్కు బెర్ముడాలో వెలసెను. 2005లో కట్రీనా న్యూఆర్లియన్సును ముంచిన పిమ్మట మరికొన్ని వచ్చెను. నేడు ప్రపంచములోని తుపానులకును భూకంపములకును వెలకట్టు పెద్ద బజారులలో ఆ ద్వీపపు ముఖ్యపట్టణమైన హామిల్టన్ ఒకటి. అనగా హరికేనుల దారిలో కూర్చుండి హరికేనులనే సరకుగా అమ్ముచున్న ఊరది. ఆ లెక్కలు కట్టుటకు లండను, టొరంటో, న్యూయార్కులనుండి గణకులు వచ్చిరి. వారి ఇండ్లను, పిల్లలను, భోజనములను, వృద్ధులను, రోగులను కనిపెట్టుకొనుటకు ఫిలిప్పీన్సు, జమైకా, భారతదేశము మొదలగు దేశములనుండి నర్సులు, వంటవారు, ఆయాలు, హోటలు పనివారు వచ్చిరి. ఉభయులను ప్రభుత్వము పర్మిట్టుతో వచ్చిన పరదేశులుగనే లెక్కించును. తుపాను మాత్రము వారిని ఒక్కటిగా లెక్కింపదు.

ముందుగా ఇంటి సంగతి చెప్పవలెను. ఆ దీవిలో నది లేదు, ఏరు లేదు. సముద్రజలమును మంచినీరు చేయు యంత్రములు వచ్చినను, నేటికిని గృహములు నమ్ముకొన్నది వాననీటినే. అందుచే ఇంటికప్పును సున్నపురాతి పలకలతో మెట్లు మెట్లుగా పేర్చి తెల్లగా సున్నము వేయుదురు. ఆ మెట్లమీదుగా దిగు వాననీరు అంచులందలి గట్లవెంట గొట్టములలోనికి మరలి, ఇంటిక్రింది తొట్టిని చేరును. ఇట్టి యేర్పాటు లేక ఇల్లు కట్టరాదని చట్టము. దాహము తీర్చుటకై పుట్టిన ఆ కప్పు బరువైనదగుటచే గాలికిని త్వరగా లేవదు. 2003లో ఫాబియన్ అను హరికేను ఎన్నో కప్పులను గాయపరచినను, ప్రాణములు కోల్పోయిన నలుగురును ఇండ్లలో లేరు. విమానాశ్రయమున్న దీవిని ప్రధాన ద్వీపముతో కలుపు సముద్రపు కట్టమీద అలలు వారిని కబళించెను.

కొత్తగా వచ్చిన పరదేశికి ఈ యింటి మర్మములు తెలియవు. ఉద్యోగపు ఒడంబడికలో అవి వ్రాసియుండవు. తుపానునకు ముందు కప్పునుండి దిగు గొట్టములను మూసివేయవలెను. లేనిచో గాలి మోసికొనివచ్చు ఉప్పు తుంపరలును, ఆకులలములును తొట్టిలో బడి నెలల తరబడి త్రాగవలసిన నీరు చెడును. గాలివాన వెడలిన వెంటనే వానిని తెరువరాదు. మంచివాన యొకటి కురిసి కప్పును కడుగవలెను. కరెంటు పోయినచో పంపు నడువదు. కాళ్లక్రింద వేల గాలన్ల నీరుండియు కొళాయిలో చుక్క రాదు. కావున స్నానపు తొట్టిని ముందే నింపుకొనవలెను. అదియు అయిపోయిన పిమ్మట నేలమీది మూత నెత్తి, త్రాడుకట్టిన బొక్కెనను దింపి నీరు చేదుకొనవలెను. నూతికడ పెరిగిన పల్లెటూరివానికి ఇది వింత గాదు. కొళాయి త్రిప్పి పెరిగిన లెక్కలవానికి మాత్రము పెద్ద విద్య. లక్షలాది డాలర్ల తుపాను నష్టమును గవ్వ తప్పకుండ గుణింపగలవాడు బొక్కెన నీటికై పొరుగింటి ముసలమ్మ నడుగవలసి వచ్చును.

నేర్పువారు పొరుగువారే. సొరచేప కాలేయపు నూనెను సీసాలో పోసి వ్రేలాడదీసి, అది మబ్బుపట్టిన గాలివాన తప్పదని చెప్పు వృద్ధులు ఆ దీవిలో ఉండెడివారు. ఉపగ్రహములు వచ్చిన ఈ కాలమున ఆ సీసా వేడుకవస్తువే కావచ్చును. అయినను కిటికీ తలుపులు ఎట్లు బిగింపవలెనో, ఏ దిక్కు గాలి ఏ గదికి ప్రమాదమో, కన్ను పైకి వచ్చి గాలి నిలిచినప్పుడు వాకిలి దాటి ఏల పోరాదో చెప్పునది నేటికిని ప్రక్కింటివారే. ఇంటికొక్క కారు కంటె ఉంచుకొనరాదని నియమమగుటచే పరదేశులలో పెక్కురకు స్కూటరే వాహనము. దానిని ఇంటిలోనికి నెట్టుకొనుట, కొవ్వొత్తులు, గ్యాసు బుడ్డి, డబ్బాలలోని ఆహారము సమకూర్చుకొనుట కడపటి దినపు పని. తినుబండారములలో అధికభాగము ఓడలమీద దిగుమతి యగునదే. ఓడ రాక ఆలస్యమైన వారమున అంగళ్ల అరలు చూచిన వారికి దీవి యనగా నేమో తెలియును.

ఇట్లు తుపాను రాత్రి పొరుగు వానిని అక్కున జేర్చుకొను జనము తెల్లవారిన పిమ్మట పర్మిట్టు గడువును గూర్చి అంత పట్టుదల ఏల చూపుదురు? దీనిని కేవలము పరదేశ ద్వేషమని త్రోసివేయుట తేలిక గాని న్యాయము కాదు. ఆ దీవికి మూలవాసులు లేరు. 1609లో వర్జీనియాకు పోవుచున్న సీ వెంచర్ అను ఆంగ్లనౌక గాలివానకు చిక్కి అచ్చటి రాళ్లలో ఇరుకుకొనగా, స్థిరనివాసమునకు ఆరంభమైనది. షేక్స్పియరు రచించిన ‘తుపాను’ నాటకమునకు ఆ వార్తయే ప్రేరణమని పండితులు పలువురందురు. తొలుదొల్త ఆ దీవికి వచ్చినవారే తుపాను తెచ్చిన పరదేశులు! కాని తరువాతి కథ నాటకము కాదు. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసల సంతతి ఇప్పటి జనములో అధికసంఖ్యాకులు. 1834లో దాస్యము తొలగినను, భూమి గలవానికే ఓటు అను నియమము 1963 వరకు సాగెను. భూమి చేజారినచో రాజ్యము చేజారునని తాతలనాటినుండి అనుభవమున నేర్చినవారు, 54 చదరపు కిలోమీటర్ల నేలను డబ్బుగల పరదేశులనుండి కాపాడుకొనదలచుట వింత గాదు. అందుచేతనే ఉద్యోగమును ముందు స్థానికులకు ప్రకటించి, తగినవారు లేనప్పుడే పర్మిట్టు నిత్తురు. మిక్కిలి ఖరీదైన భవనములను తప్ప పరదేశి కొనలేడు. ఆరేండ్లకు మించి ఉండరాదను నియమమును 2001లో పెట్టి 2013లో తీసివేసిరి. 2016 మార్చిలో, దీర్ఘకాలము నివసించినవారికి స్థానికత్వము నిచ్చు బిల్లు వచ్చినప్పుడు జనము శాసనసభను చుట్టుముట్టి సమావేశమునే ఆపిరి. ప్రభుత్వము బిల్లును ఉపసంహరించుకొనెను.

భయము న్యాయమైనదే, కాని దాని భారము పడుచున్నచోటు న్యాయమైనది కాదు. పునర్బీమా గణకుడు తుపాను పిమ్మట జీతము కోల్పోడు. మరుసటి సంవత్సరము బీమా వెలలు పెరిగి అతని కంపెనీకి లాభము వచ్చిన వచ్చును. హోటలులో బల్లలు తుడుచువాని మాట అట్లు కాదు. 2003లో ఫాబియన్ తాకిడికి పెద్ద హోటళ్లు కొన్ని నెలల తరబడి మూతపడెను. హోటలు మూతపడినచో వానికి బక్షీసు లేదు. ఉద్యోగము పోయినచో పర్మిట్టు లేదు. పర్మిట్టు లేనిచో దీవిలో నిలువ హక్కులేదు. స్థానికుని కప్పు ఎగిరినచో అతడు కప్పు కట్టుకొనును. ఇతనికి కప్పు ఎగురకున్నను ఊరు పోవును. మనీలాలోనో, కొచ్చిలోనో ఆ డబ్బుకై ఎదురుచూచు ఇంటికి గాలి తగిలిన సంగతి ఏ నష్టపు పట్టికలోను ఎక్కదు. పట్టికలు వ్రాయు ఊరిలోనే ఈ లోపముండుట గమనింపదగినది.

తుపానుల రాకయు మునుపటివలె లేదు. 1987లో ఎమిలీ తగిలిన తరువాత 2014లో ఫే వరకు, అనగా 27 సంవత్సరములు, హరికేను కన్ను బెర్ముడా నేలను త్రొక్కలేదు. ఫాబియన్ సహితము ప్రక్కనుండియే పోయినది. ఆ పిమ్మట గోంజాలో, 2020లో పాలెట్, 2024 ఆగస్టులో ఎర్నెస్టో నేరుగా వచ్చెను. 2025లో సెప్టెంబరు చివర హంబర్టో ప్రక్కగా పోయిన మరునాడే ఇమెల్డా వచ్చిపడెను. ఆ దీవికడ 1954 నుండి ఎడతెగక తీసిన కొలతలు సముద్రజలము వేడెక్కుచున్నదని తెలుపుచున్నవి. వెచ్చని నీరే తుపానునకు మేత. దీవి మీది చెట్లును మారినవి. 1940లలో పురుగు సోకి దేవదారు జాతి వృక్షములు దాదాపు నశింపగా, గాలి కడ్డముగా సరుగుడు నాటిరి. మన తీరమున ఇసుకను నిలిపి ఉప్పెనకు అడ్డునిలుచునని పేరుగన్న సరుగుడు, అచ్చటి మెత్తని రాతిగట్లపై వేళ్లు లోతుగా నాటుకొనక, గాలికి ఒరిగి గట్టును సైతము పెళ్లగించుకొని పడుచున్నది. పరదేశపు మొక్క నేరము దానిది కాదు. నేల నెరుగక నాటినవారిది.

ఇంతలో ఆ ద్వీపమున జననములకంటె మరణములు హెచ్చుచున్నవి. వృద్ధుల సంఖ్య పెరిగి పన్ను కట్టు పనివారి సంఖ్య తరుగుచున్నది గనుక, పనిచేయు వయసువారు ఇంకను రావలెనని పాలకులే చెప్పుచున్నారు. అద్దె యిండ్ల కరవును, అద్దెల మంటయు చూపి, ఉన్నవారికే చోటులేదని జనము బదులు చెప్పుచున్నారు. రెండును నిజములే. కాని చర్చలో ఎచ్చటను, రానున్న పనివాడు గాలివానకు ఉద్యోగము కోల్పోయినప్పుడు కొన్ని నెలలపాటు నిలువనిచ్చి, వేరు పని వెదకుకొనుటకు గడువిచ్చు మాట ముందుకు వచ్చుట లేదు. భూమి నీయనక్కరలేదు, ఓటు నీయనక్కరలేదు. ఒక తుపాను ఋతువు గడుచునంత గడువు చాలును. దాని వ్యయమెంతయో గుణించుటకు హామిల్టనులో గణకులకు కొదువలేదు.