మన ఊరి తడి చెత్తకు గ్రాంటు తెచ్చుకుందాం – అక్టోబర్ 2 గ్రామసభకు రండి!

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, పాడి రైతులారా, సంతలో కూరగాయలమ్మే అన్నదమ్ములారా!

కాలువ గట్టు మీద పేరుకున్న కుప్ప దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. అందులో సగానికి పైగా మన వంటిళ్ల నుంచి, మన సంత నుంచి వెళ్లిందే. వంకాయ తొడిమలు, అరటి తొక్కలు, మిగిలిన అన్నం, వాడిపోయిన క్యాబేజీ ఆకులు, పెళ్లి భోజనాల విస్తళ్లు. అన్నీ ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి విసిరినవి. పశువులు ఆ మూటలు చింపుకుని అన్నంతో పాటు కవరూ మింగుతున్నాయి. ఎండాకాలం ఎవరో నిప్పు పెడితే ఆ పొగ బడి దాకా వస్తోంది. వానకు కారిన మురుగు కాలువలో కలుస్తోంది. ఆ కాలువ నీళ్లతోనే కింది ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి.

మన తాతల నాడు ఇది చెత్త కాదు. ప్రతి దొడ్లోనూ పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన ఆకులు, పశువులు తినగా మిగిలిన గడ్డి అందులో పడి మాగి, వేసవిలో బండ్లకెక్కి పొలం చేరేది. ఇప్పుడు దొడ్లు కరిగిపోయి ఇళ్లు లేచాయి. రైతు ట్రక్కు ఎరువు దొరక్క ఊరూరా తిరుగుతున్నాడు. ఎరువు కావలసిన సరుకేమో గట్టున కుళ్లుతోంది.

ఈ మాట ఎప్పుడెత్తినా ఒకటే జవాబు వస్తోంది: "పంచాయతీ దగ్గర డబ్బేదీ?" ఆ జవాబు సరైనది కాదని చెప్పడానికే ఈ కరపత్రం.

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇవ్వమన్న నిధుల్లో నూటికి అరవై రూపాయలకు షరతు పెట్టింది. అందులో సగం, అంటే నూటికి ముప్పై, పారిశుద్ధ్యానికే వాడాలి. ఇళ్ల చెత్త నిర్వహణ ఆ పద్దులోకే వస్తుందని స్పష్టంగా రాసింది. మన ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్నది దాచేది కాదు. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో పంచాయతీ పేరు కొడితే కనిపిస్తుంది. ఇంటర్ చదివే పిల్లల చేత ఇవాళే తీయించి చూడండి. సర్పంచ్ గారిని, కార్యదర్శి గారిని తప్పు పట్టడానికి కాదు, లెక్క చేతిలో ఉంటే సభలో మాట నిలుస్తుంది.

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైంది. ఘన వ్యర్థాల పనికి అది తలకింత అని లెక్క కట్టింది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి మనిషికి 60 రూపాయలు, అంతకు మించితే 45. నాలుగు వేల మంది ఉన్న ఊరైతే 2 లక్షల 40 వేలు. ఇందులో నూటికి ముప్పై పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల్లోంచి వేసుకోవాలి, అంటే 72 వేలు. మిగతాది పథకానిది. ఎరువు తొట్లు కట్టుకోవడానికి, మూడు చక్రాల బండి కొనుక్కోవడానికి ఈ డబ్బు పనికొస్తుంది. పేడ ఎక్కువగా ఉన్నచోట గోబర్ధన్ పథకం కింద ఉమ్మడి బయోగ్యాస్ ప్లాంటు పెట్టడానికి అదే రెండో దశలో జిల్లాకు 50 లక్షల దాకా కేటాయించే వీలు కల్పించారు. జిల్లా మొత్తానికి అంతే గనుక, ముందు కాగితం పట్టుకెళ్లిన ఊరిదే అవకాశం.

నాలుగైదు గేదెలున్న ఇంటివాళ్లు దానికోసం కాచుకోనక్కర్లేదు. రోజుకు 50 కిలోల పేడ ఉంటే రెండు ఘనపు మీటర్ల గోబర్‌గ్యాస్ ప్లాంటు నడుస్తుంది. జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం 2022 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రెండు నుంచి నాలుగు ఘనపు మీటర్ల ప్లాంటుకు 14,350 రూపాయల సాయం ఉంది. మనం నెడ్‌క్యాప్ అని పిలుచుకునే పునరుత్పాదక ఇంధన సంస్థ జిల్లా ఆఫీసులో అడగండి. కట్టాక కాదు, కట్టకముందే అడగండి. పొయ్యి వెలిగాక మిగిలే స్లర్రీ మంచి ఎరువు.

కంపెనీల డబ్బూ ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల లాభం గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల ఆస్తుల నికర విలువ గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజం పనికి (సీఎస్ఆర్) ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి మొదట చూడాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. పారిశుద్ధ్యం, పర్యావరణం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మన రోడ్ల మీద లారీలు తిప్పే ఫ్యాక్టరీల దగ్గరికి వెళ్లి అడగడంలో నామోషీ లేదు. అయితే నిన్న పెట్టిన సంఘానికి ఆ డబ్బు రాదు. పన్ను మినహాయింపు కోసం తీసుకునే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని అనుభవం ఉన్న సొసైటీ గానీ ట్రస్టు గానీ కావాలి, అది సీఎస్ఆర్-1 ఫారం నింపి నమోదై ఉండాలి. మనం కొత్తది పెట్టి మూడేళ్లు ఆగే బదులు, అలాంటి పాత సంస్థను వెతికి చేయి కలుపుదాం. "గ్రాంటు ఇప్పిస్తాం, ముందు కమీషన్ ఇవ్వండి" అని ఎవరైనా గుమ్మం ఎక్కితే, దయచేసి నమ్మకండి. ఒక్క రూపాయి ఇవ్వకండి.

చెత్తకు గ్రాంటు వస్తుందా అని అనుమానపడే వాళ్లు హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ సంగతి తెలుసుకోవాలి. అక్కడ రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల గ్యాస్ తీశారు. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి. ఆ సాంకేతికత హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలది. డబ్బు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, తెలంగాణ వ్యవసాయ మార్కెటింగ్ శాఖ ఇచ్చాయి. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆ మార్కెట్ పేరు దేశమంతా విన్నది. మన సంతకు అంత పెద్ద యంత్రం అక్కర్లేదు. కానీ కుళ్లిన కూరగాయకు ఢిల్లీ నుంచి డబ్బు వచ్చిన మాట నిజం.

ఇక మన తప్పు మనం ఒప్పుకోవాలి. ఊరి చివర చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డు ఉంది. తలుపుకు తాళం పడింది, తొట్లలో గడ్డి మొలిచింది. అది కట్టడానికి డబ్బు వచ్చింది. నడపడానికి ఎవరూ ఆలోచించలేదు. గ్రాంటు తొట్టి కట్టిస్తుంది, బండి కొనిస్తుంది. పొద్దున్నే ఇంటింటికీ వచ్చే కార్మికురాలికి నెలనెలా జీతం ఇవ్వదు. ఆ జీతం ఇంటి రుసుము నుంచి, ఎరువు అమ్మకం నుంచి, పంచాయతీ సొంత ఆదాయం నుంచి రావాలి. ఈ సంగతి తేల్చకుండా ఇంకో షెడ్డు అడిగితే ఇంకో తాళమే వస్తుంది. ఆ కార్మికురాలు కూడా మన ఊరి ఆడబిడ్డే. గాజుపెంకులు, వాడిన ప్యాడ్లు కలిసిన మూటను ఒట్టి చేతులతో విప్పమని మనం చెప్పకూడదు.

గ్రాంటు ఇచ్చేవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: "మీ ఊళ్లో రోజుకు తడి చెత్త ఎన్ని కిలోలు?" దానికి మన దగ్గర జవాబు లేదు. అందుకే పొదుపు సంఘాల అక్కలు ఒక పని తలపెట్టారు. వచ్చే సోమవారం నుంచి 30 రోజులు, ప్రతి వీధిలో ఒక సంఘం తడి చెత్తను తూకం వేసి నోటు పుస్తకంలో రాస్తుంది. వారపు సంత రోజున సంత చెత్తను విడిగా తూస్తాం. కాటా రేషన్ షాపు పక్కనున్న కొట్టు యజమాని ఉచితంగా ఇస్తానన్నారు. మీరు చేయవలసింది ఇంట్లో రెండు బకెట్లు పెట్టడం. ఉడికినవి, కుళ్లేవి ఒకదాంట్లో, మిగతావి ఇంకోదాంట్లో. కవర్లో మూట కట్టొద్దు.

ఆ పుస్తకం పట్టుకుని అక్టోబర్ 2న గ్రామసభకు వెళదాం. ఊరి అభివృద్ధి ప్రణాళిక తయారయ్యేది ఆ రోజుల్లోనే. ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు రాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అడగవలసినవి ఇవి: తడి చెత్త ఎరువు తొట్లకు పద్దు రాయాలి, షెడ్డు తాళం తీసి నడిపే బాధ్యత గ్రామ సమాఖ్యకు అప్పగించాలి, కార్మికుల జీతం ఎక్కడి నుంచో తీర్మానంలో ఉండాలి, గోబర్ధన్ కోసం జిల్లాకు దరఖాస్తు పంపాలి. తీర్మానం రాసేదాకా సభలో కూర్చోండి. సంతకం పెట్టి, దాని నకలు అడిగి తీసుకోండి.

ఇంటికొకరు రండి. ఆడవాళ్లు తప్పకుండా రండి, వంటింటి బకెట్ మీ చేతిలోనే ఉంది. పాలకేంద్రం దగ్గర, సంతలో, గుడి దగ్గర, చర్చి దగ్గర, మసీదు దగ్గర ఈ కాగితం చదివి పక్కవారికి ఇవ్వండి. కింద పారేయకండి.

అక్టోబర్ 2, ఉదయం 10 గంటలకు, పంచాయతీ కార్యాలయం.

– పొదుపు సంఘాల మహిళలు, పాడి రైతులు, సంత వ్యాపారులు