జంగ్లీఘాట్ కార్లు, ఢిల్లీ చట్టాలు

మన దేశంలో కారు కొనడం ఒక ఘట్టమైతే, కొన్న కారును "ఇది మనది" అనిపించుకోవడం మరొక ఘట్టం. మొదటిది బ్యాంకు అప్పు కాగితాలతోను, షోరూము వారిచ్చే తాళాలతోను ముగుస్తుంది. రెండవది గుడి ముందు నిమ్మకాయలు తొక్కించడంతో ప్రారంభమై, హంగుల దుకాణం ముందు రెండు పూటల పడిగాపులతో పూర్తవుతుంది. ఇందుకు ఢిల్లీవారికి కరోల్ బాగ్ ఉన్నది, కశ్మీరీ గేట్ ఉన్నది. బెజవాడవారికి ఆటోనగర్ ఉన్నది. సముద్రానికి ఆవల, విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన అండమాన్ లో ఉన్న తెలుగువారికి జంగ్లీఘాట్ ఉన్నది. సీటు కవర్లు, స్పీకర్లు, రంగురంగుల దీపాలు, డాష్ బోర్డు మీద దేవుడి బొమ్మ: ఇవన్నీ అల్ప విషయాలని, ఢిల్లీ నుండి వ్రాసే వారం వారం లేఖలో వీటికి చోటేమిటని పాఠకులు కొందరు ప్రశ్నించవచ్చు. చట్టం తన చేతిని ఎంతవరకు చాపవచ్చునో, పౌరుడి ఇష్టం ఎక్కడ ఆగవలెనో తేల్చుకోవడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

పోర్ట్ బ్లేర్ లో జంగ్లీఘాట్ చేపల రేవు ఉన్న పేట. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలలతో సహా తరలిపోయిన మత్స్యకార కుటుంబాల సంతతి అక్కడ తరాలుగా వేళ్ళూనుకున్నది. అక్కడ నడుస్తూ ఉంటే ఉత్తరాంధ్ర యాస చెవిని పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో ఉన్నవారు 3,80,581 మంది. వారిలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. తాతలు పడవ నడిపినారు. మనుమలలో కొందరు పర్యాటకులను త్రిప్పే కారు నడుపుతున్నారు. పడవకు కళ్ళు చిత్రించి, పేరు పెట్టి, పసుపు కుంకుమలతో పూజించిన చేతులే నేడు కారు అద్దం మీద పేరు అతికిస్తున్నవి. దీనిని వేలంవెర్రి అనడం కన్న అలవాటు అనడం న్యాయం.

టాక్సీ నడుపుకొనేవానికి కారు వాహనం మాత్రమే కాదు. పగటిలో అధిక భాగం అతడు అందులోనే గడుపుతాడు. అది అతని దుకాణం, విశ్రాంతి గది, కొన్ని రాత్రులు పడకటిల్లు కూడా. సుమారు 3,000 మిల్లీమీటర్ల వార్షిక వర్షపాతం గల దీవి అది, పైగా ఉప్పుగాలి. కంపెనీ అమర్చిన గుడ్డ సీటు ఆ తేమకు కంపు కొడుతుంది. అందుచేత రెక్సిన్ కవరు, నీరు పట్టని కాలి చాపలు అక్కడ విలాసాలు కావు. పాటల పెట్టె సంగతీ అంతే. మన భాష రేడియోలో అరుదుగా వినిపించే చోట, కారులోని నాలుగు స్పీకర్లే అతనికి స్వగ్రామం. ఈ సరకంతా చెన్నై, కలకత్తా, విశాఖ రేవుల నుండి ఓడమీద రావలసినదే. కరోల్ బాగ్ లో దొరికే వస్తువు మీద ఓడ కిరాయి, ఇద్దరు ముగ్గురు వర్తకుల లాభం కలిసిన తరువాత గాని అది జంగ్లీఘాట్ చేరదు. అంత ఖర్చుకు ఓర్చి కొంటున్నాడంటే దాని విలువ అతనికి తెలుసునన్నమాట.

ఈ ముచ్చట మనవారికి మాత్రమే పుట్టినది కాదు. అమెరికాలో పాల్ గాల్విన్ అనే వ్యాపారి 1930లో కారులో అమర్చదగిన రేడియోను విపణిలోకి తెచ్చి దానికి "మోటరోలా" అని పేరు పెట్టినాడు. తరువాత ఆ పేరే కంపెనీ పేరయినది. మన దేశంలో రేడియో పెట్టుకొనడానికే సర్కారు లైసెన్సు కావలసిన కాలం ఉండేది. పోస్టాఫీసుకు వెళ్ళి ఏటేటా రుసుము కట్టినవారు మన పాఠకులలో ఇంకా ఉన్నారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు ఫ్యాక్టరీ ఇచ్చే హంగులు శూన్యప్రాయం. ఫ్యాను మొదలు టేపు రికార్డరు వరకు యజమాని బజారులో కొని తగిలించుకొనవలసినదే. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత ఈ వ్యాపారం మధ్యతరగతికి విస్తరించినది. వేలాది ఎలక్ట్రీషియన్లు, కుట్టుపనివారు, అద్దాలు అమర్చేవారు ఏ ప్రభుత్వ పథకమూ లేకుండానే దీని మీద బ్రతికినారు.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తున్నది. "మార్పు" అనగా వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్ని మార్చివేసేది అని ఆ సెక్షనే అర్థం చెప్పుతున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో, తయారీదారు మొదట నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరం పార్లమెంటు చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసాల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండునూ విధించవచ్చునన్నది.

చదివితే స్పష్టంగానే ఉన్నది. సీటు కవరు వాహన నిర్మాణాన్ని మార్చదు. స్పీకరు మౌలిక లక్షణాన్ని మార్చదు. అయితే రోడ్డు మీద చట్టాన్ని చదివేది న్యాయమూర్తి కాదు, కూడలిలో నిలిచిన కానిస్టేబులు. "ఒక్కొక్క మార్పుకు" అన్న మాట అతని నోట పడితే కారులో ఎన్ని వస్తువులున్నవో అన్ని నేరాలు లెక్కకు వస్తాయి. కోర్టుకు వెళ్ళి వాదించే ఓపిక ధనికునికి ఉండవచ్చు. రోజు బేరం పోగొట్టుకోలేని టాక్సీవాడు అక్కడికక్కడే "మాట్లాడుకొని" బయటపడతాడు. అస్పష్టమైన చట్టం వల్ల అవినీతికి దారి ఏర్పడుతుందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

అద్దాల మీది నల్ల ఫిల్ముల కథ ఇంతకన్న చిత్రమైనది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు వాటిని నిషేధించినది. ముందు, వెనుక అద్దాల నుండి 70 శాతం, ప్రక్క అద్దాల నుండి 50 శాతం వెలుతురు ప్రసరించవలెనన్నది నిబంధన. అది అద్దం తయారీలోనే ఉండవలెను గాని పైన ఏ ఫిల్ము అతికించరాదన్నారు. ఆ తరువాత నిబంధనలోని పదజాలం మారినది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, నిర్ణీత ప్రమాణాలకు లోబడిన ఫిల్ము అతికించుకొనవచ్చునన్నది. అండమాన్ దీవులు కలకత్తా హైకోర్టు పరిధిలోనివి. జంగ్లీఘాట్ డ్రైవరు కొచ్చిన్ తీర్పును చేతబట్టుకొని పోలీసుతో వాదించవలెనా? దేశమంతటా ఒకే మాట చెప్పవలసినది కేంద్ర రవాణా శాఖ. అక్కడ నుండి సామాన్యునికి అర్థమయ్యే మాట రావలసి ఉన్నది.

ఇంత చెప్పినంత మాత్రాన హంగులన్నీ నిరపాయకరమైనవని నా అభిప్రాయం కాదు. వీటిలో ప్రాణాలు తీసేవి ఉన్నవి. సీటు బెల్టు పెట్టుకొనకపోతే కారు గంట మ్రోగిస్తుంది. ఆ గంట నోరు నొక్కడానికి ఒక చిన్న క్లిప్పు అమ్మకానికి వచ్చినది. 2021లో బెల్టు ధరించని కారణంగా రోడ్డు ప్రమాదాలలో 16,397 మంది మరణించినారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పినది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ సమీపాన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వెనుక సీటులో మరణించిన తరువాత గాని దేశం కళ్ళు తెరవలేదు. 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్ లైన్ విక్రయ సంస్థలకు ఆదేశాలిచ్చి, ఈ క్లిప్పులకు సంబంధించిన 13,118 ప్రకటనలను తొలగింపజేసినది. గమనించవలసినదేమంటే, ఈ మృత్యువును అమ్మినది జంగ్లీఘాట్ చిల్లర దుకాణదారు ఒక్కడే కాదు. దేశంలోని అతి పెద్ద అంగళ్ళు కూడా.

సీటు ప్రక్క నుండి విచ్చుకొనే గాలి సంచి ఉన్న కారుకు బిగుతైన కవరు తొడిగితే, ప్రమాద సమయంలో ఆ సంచి బయటకు రాలేదు. పెద్ద యాంప్లిఫయరుకు ఫ్యూజు లేకుండా సన్న తీగతో బ్యాటరీ నుండి విద్యుత్తు లాగితే తీగ వేడెక్కి మంటలు రేగుతాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కలయికల వద్ద ఈ అపాయం ఇంకా ఎక్కువ. పైగా కంపెనీ అమర్చని విద్యుత్ పరికరాలను భీమా పాలసీలో ప్రత్యేకంగా చూపి, వాటి విలువ మీద అదనపు ప్రీమియం కట్టకపోతే నష్టపరిహారం రాదు. ఈ సంగతులు కొనేవానికి ఎవరూ చెప్పరు. అమర్చేవానికి శిక్షణ ఇచ్చినవారూ లేరు.

ఇక్కడ కారు కంపెనీల వాదన వినవలెను. "మా దగ్గరే కొనండి, బయట ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది" అన్నది వారి నిత్య మంత్రం. భద్రత పేరుతో వ్యాపారాన్ని గుప్పిట బిగించడం ఎట్లా ఉంటుందో దేశానికి తెలియనిది కాదు. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేసినందుకు 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కారు కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ వ్యవహారం అప్పీళ్ళలో పడినది. 2022 డిసెంబరులో కేంద్రం "మరమ్మతు హక్కు" పేరిట ఒక పోర్టల్ ప్రారంభించినది. మోటారు వాహనాలు కూడా దాని పరిధిలోనివే. అయినా షోరూములో అమర్చితే "అసలైన ఉపకరణం", ప్రక్క వీధిలో అమర్చితే "అక్రమ మార్పు" అన్న భేదం చాలామంది మనస్సులలో నాటుకొనిపోయినది. వస్తువు మంచిదో చెడ్డదో పరీక్షించి చెప్పవలసినది ప్రభుత్వం. అమ్మినవాని బోర్డును బట్టి అది నిర్ణయం కారాదు.

మరొక సంగతి. నిన్నటి హంగు నేటి అవసరం అవుతున్నది. కారు వెనుకకు తీసేటప్పుడు హెచ్చరించే సెన్సరును ఒకప్పుడు ముచ్చటపడి బజారులో కొనుక్కొనేవారు. 2019 జూలై నుండి కొత్త కార్లకు దానిని ప్రభుత్వమే తప్పనిసరి చేసినది. అంటే బజారు కనిపెట్టినదానిని చట్టం అంగీకరించినది. బజారునంతటినీ అనుమానించే విధానం ఈ అనుభవం ముందు నిలువదు.

హక్కులతో పాటు మర్యాద కూడా చెప్పుకొనక తప్పదు. నా కారులోని పాట నా ఇష్టం. అది ప్రక్కవాని పడకటింటిలోకి చొరబడితే నా ఇష్టం కాదు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు, ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్దం పాటించవలెనని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. అండమాన్ లో దీనికి మించిన బాధ్యత ఒకటి ఉన్నది. ట్రంకు రోడ్డు జరావాల అభయారణ్యం గుండా పోతున్నది. ఆ భాగాన్ని మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు చెప్పినా రాకపోకలు ఆగలేదు. వాహనాలు బారులు తీరి పోలీసు కాపలాతో పోతున్నవి. జరావాలను పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012లో ప్రపంచమంతటా మనను తలవంచుకొనేటట్లు చేసినది. ఆ దారిన పోయే టాక్సీలో ఎన్ని స్పీకర్లున్నా ఒక్కటి కూడా మ్రోగరాదు. మన తెలుగు డ్రైవర్లు ఈ నియమాన్ని తమంత తామే పాటించి చూపితే, తక్కిన హంగుల విషయంలో వారి మాటకు విలువ పెరుగుతుంది.

అసలు అండమాన్ కు ఢిల్లీ చేసినదేమిటి? 2018 డిసెంబరులో మూడు దీవుల పేర్లు మారినవి. 2023 జనవరిలో 21 దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు వచ్చినవి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లేర్ శ్రీ విజయపురమైనది. వీరులను స్మరించుకొనడం తప్పని ఎవరంటారు? అయితే ఆ దీవులకు శాసనసభ లేదు. లోక్ సభలోని 543 స్థానాలలో వారిది ఒక్కటి. పాలన లెఫ్టినెంట్ గవర్నరు చేతిలో, ఆయన పగ్గం హోం శాఖ చేతిలో. కారుకు కొత్త పేరు, కొత్త రంగు, కొత్త అలంకారం సమకూర్చి, స్టీరింగు మాత్రం ఎక్కినవానికి అందనీయని యజమానిని ఏమనవలెనో పాఠకులే నిర్ణయించుకొనవచ్చు. జంగ్లీఘాట్ పౌరునికి ఒకటే సందేహం: నా కారు అలంకారాలను ఇంత పట్టుదలగా లెక్కించే ప్రభుత్వం, తాను నా దీవికి తగిలించిన అలంకారాలను నన్నెందుకు అడగలేదని.

కోరదగినవి మూడే. మొదటిది, అనుమతించిన హంగులు ఇవి, అనుమతి కావలసినవి ఇవి, నిషేధించినవి ఇవి అని ఒక్క పుటలో జాబితా ప్రకటించవలెను. దానిని తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ భాషలలో అచ్చువేసి ప్రతి దుకాణంలోను, ప్రతి పోలీసు ఠాణాలోను వ్రేలాడదీయవలెను. రెండవది, ఈ పనివారికి తీగల అమరిక, గాలి సంచుల జాగ్రత్తలు నేర్పి ధృవపత్రం ఇవ్వవలెను. మూడవది, ప్రాణాపాయం కలిగించే వస్తువు విషయంలో కొన్నవానికంటె ముందు తయారుచేసినవానిని, దిగుమతి చేసినవానిని పట్టుకొనవలెను.

ఈ మూడింటికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, కోట్ల రూపాయల వ్యయమూ అక్కరలేదు. కావలసినది రవాణా భవన్ లోని ఒక అధికారి ఒక పూట శ్రమ, ఒక మంత్రి సంతకం. అంతవరకు జంగ్లీఘాట్ డ్రైవరు సీటు కవరుకు భయపడుతూనే ఉంటాడు. బెల్టు గంటను నొక్కే క్లిప్పు మాత్రం ఏదో ఒక మూల నిర్భయంగా అమ్ముడుపోతూనే ఉంటుంది.