గుత్త చెల్లించిన చేనిలో పుల్లరి

2025వ సంవత్సరము జూను 17వ తేదీన అమెజాను సంస్థ తన ప్రైమ్ వీడియోలో చలనచిత్రముల నడుమను, ధారావాహికల నడుమను వ్యాపార ప్రకటనలు చూపుట మన దేశమునందు ప్రారంభించినది. ఏడాదికి 1,499 రూపాయలు చెల్లించి అప్పటికే చందాదారులైనవారికిని ఈ ప్రకటనలు తప్పలేదు. అవి వలదనువారు ఏటికి మఱి 699 రూపాయలో, నెలకు 129 రూపాయలో అదనముగా ఇచ్చుకొనవలయునని సంస్థ తెలిపినది. అమెరికాలో 2024 జనవరి 29న సుమారు మూడు డాలర్ల నెలసరి రుసుముతో జరిగిన ప్రయోగమే ఇచ్చటను జరిగినది. ఇది వినోదమునకు సంబంధించిన అల్పవిషయమని కొందఱు త్రోసివేయవచ్చును. మా యభిప్రాయమున నిది ఒడంబడికకు సంబంధించిన విషయము. ఒడంబడిక చెడినచోట సొమ్ము చిన్నదైనను సంగతి చిన్నది కాదు.

భూమి యెఱిగిన పాఠకులకు దీనిని భూమి భాషలోనే చెప్పవచ్చును. ఒక కౌలుదారుడు ఏడాది గుత్త ముందుగా చెల్లించి చేను పుచ్చుకొనెను. నడిమి కారులో ఆ భూస్వామి యితరుల పశువులను ఆ చేనిలోనికి తోలించి, వారియొద్ద పుల్లరి వసూలు చేసికొనెను. కౌలుదారుడు అడుగగా, “పశువులు రాకుండవలయునన్న మఱికొంత గుత్త పెట్టుము” అనెను. ఈ న్యాయమును ఏ గ్రామపెద్దలైనను ఒప్పుకొందురా? చందాదారుని కాలమే ఆ చేను. ప్రకటనదారుల పశువులందు మేయుచున్నవి. పుల్లరి కంపెనీకి చేరుచున్నది.

ఈ విషయము హైదరాబాదు, బెంగుళూరు నగరవాసులకే పరిమితమని తలంపరాదు. అనంతపురమునుండి కదిరికి పోవు రహదారిపైనున్న బత్తలపల్లెవంటి మెట్టసీమ గ్రామమునందు సెల్లుఫోను ఒక్కటియే నాటకశాల, పాఠశాల, వ్యవసాయ సలహాదారు, వార్తాపత్రికయునై యున్నది. వేరుశెనగకు పట్టిన తెగులేమో, చీనీతోటకు ఏ మందు కొట్టవలయునో రైతు అందే చూచుచున్నాడు. ఉద్యోగ పరీక్షలకు చదువు యువకుడు పట్టణమున బస చేసి శిక్షణ పొందు స్తోమత లేక అందే పాఠము వినుచున్నాడు. ధర్మవరపు మగ్గముమీద పనిచేయువాడు చేతులు పనియందుండగా చెవులతో అందే పాట వినుచున్నాడు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన పిమ్మట డేటా చౌకయగుటచే ఈ మార్పు శీఘ్రముగా వచ్చినది. అది మేలే. కాని 2024 జూలైలో ప్రధాన ప్రైవేటు ఫోను కంపెనీలు ధరలు పెంచినవి. దినమునకు ఒకటిన్నర జీబీ చొప్పున 28 దినములకు జియోలో 239 రూపాయలుగా నున్న రీఛార్జి 299 అయ్యెను. ప్రకటన యనునది డేటాతోనే వచ్చును గదా! కావున వీక్షకుడు మూడు విధముల చెల్లించుచున్నాడు: చందా కంపెనీకి, డేటా ఖర్చు ఫోను కంపెనీకి, తన కాలము ప్రకటనదారునికి.

ప్రకటనలన్నియు పాపమని మేము చెప్పుట లేదు. పత్రికలో వ్రాయువారికి ఆ మాట చెప్పు అధికారము లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనము స్థాపించి, ఆ వ్యాపారమువలన వచ్చిన ధనముతోనే 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలయించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడపిరి. ఆంధ్రోద్యమమునకు ఆ పత్రిక చేసిన సేవవెనుక ఒక తలనొప్పి మందు వ్యాపారమున్నదనుట సిగ్గుపడవలసిన మాట కాదు. మఱియొకవైపు మహాత్మాగాంధీగారు 1912లో తమ ఇండియన్ ఒపీనియన్ పత్రికనుండి ప్రకటనలను పూర్తిగా తొలగించిరి. ఆ రెండు మార్గములందును ఒక్క గుణము సమానము: పాఠకునికి దాపఱికము లేదు. పత్రికలో ప్రకటన తన గడిలో తానుండును. చూడదలచినవాడు చూచును, వలదనువాడు పుట త్రిప్పును. అది చదువరి చేయి పట్టుకొని, “నన్ను చూచిన పిమ్మటగాని తరువాతి వాక్యము చదువరాదు” అని నిర్బంధింపదు. 1976 జనవరి 1నుండి దూరదర్శనము ప్రకటనలు స్వీకరించినప్పుడును, ప్రేక్షకుడు ఆ కార్యక్రమమునకు నెలనెల చందా కట్టుట లేదు.

ఈ నూతన వేదికలు క్రమక్రమముగా ఎట్లు జరిగి వచ్చినవో చూడుడు. యూట్యూబు 2005లో పుట్టెను. మఱుసటి యేడు గూగులు దానిని 165 కోట్ల డాలర్లకు కొనెను. 2010లో అయిదు సెకండ్లపిమ్మట ప్రకటనను దాటవేయు సదుపాయము కల్పించినప్పుడు జనులు సంతసించిరి. 2020 నవంబరులో నిబంధనలను మార్చి, ఆదాయములో భాగము పొందని చిన్న చానళ్ల వీడియోలపైనను ప్రకటనలు వేయు హక్కును సంస్థ తనకు తానే యిచ్చుకొనెను. 2023లో, టీవీ తెరలపై దాటవేయుటకు వీలులేని 30 సెకండ్ల ప్రకటనలను ప్రకటించెను. ఆ యేడే ప్రకటనలను అడ్డగించు సాధనములు వాడువారిపై కట్టుదిట్టములు చేసెను. ప్రకటనలు లేని ప్రీమియము చందా మన దేశమున 2024 ఆగస్టులో నెలకు 129 రూపాయలనుండి 149 రూపాయలయ్యెను. 2025లో 89 రూపాయలకు “లైటు” చందా వచ్చినదిగాని, అందు పాటలకును షార్ట్సులకును ప్రకటనలు పోలేదు. 2024వ సంవత్సరమున యూట్యూబు ప్రకటనల రాబడి 3,600 కోట్ల డాలర్లు దాటినది. 2025 ఫిబ్రవరి 14న అవతరించిన జియోహాట్‌స్టారు సంగతియు నిట్టిదే. ఆరంభమున మూడు మాసములకు 149, 299 రూపాయల చందాలు రెండింటను ప్రకటనలుండెను. అవి లేకుండ చూడదలచినవాడు 499 రూపాయలీయవలసి యుండెను. వాడును ప్రత్యక్ష క్రీడాప్రసారములందు ప్రకటనలనుండి తప్పించుకొనజాలడు. చందా యనునది ప్రకటనలనుండి విముక్తి యను తొలినాటి యర్థము ఇట్లు క్రమముగా కరగిపోయినది.

కంపెనీలవారి వాదమును ఆలకింపక తీర్పు చెప్పుట ధర్మము కాదు. చిత్రములు కొనుటకును, తీయుటకును ధనము కావలయుననియు, మన దేశమున చందాలు పాశ్చాత్య దేశములకంటె చౌకయనియు, ప్రకటనలు లేనిచో పేదవానికి ఉచితముగా నేదియు దక్కదనియు వారందురు. ఇందు సత్యము కలదు. యూట్యూబు తన భాగస్వాములకు సాధారణ వీడియోల ప్రకటన రాబడిలో నూటికి 55 వంతులు పంచుచున్నది. తెలుగుపల్లెలలో వంటలు, సేద్యము, హాస్యము చూపి జీవించువారు ఎందఱో కలరు. ప్రకటన లేనిచో వారికి కూడు లేదు. కావున ఉచితముగా చూపువాడు ప్రకటన వేసికొనుటను మేము ఆక్షేపింపము. అది బహిరంగమైన బేరము. ప్రకటనలతో కూడినదని ముందే చెప్పి తక్కువ వెలకు అమ్మిన చందాను సైతము ఆక్షేపింపము. మా ఆక్షేపణ యొక్కదానిపైననే: వెల పుచ్చుకొని, గడువు నడుమ సరుకు మార్చి, పాత సరుకు కావలసినచో మఱల వెల చెల్లింపుమనుట. ఏఱు దాటి తెప్ప తగులబెట్టినవాని తీరిది.

ఇంతకంటె గొప్ప ప్రమాదము ప్రకటనల సరుకులోనే కలదు. పత్రికలో అచ్చయిన అసత్య ప్రకటన పదిమంది కంటబడును, పట్టుకొనవచ్చును. ఫోనులో వచ్చునది ఒకని కొకటి, వేఱొకని కొకటి. అది వచ్చి పోయిన జాడ యుండదు. పందెములు, జూదపు ఆటలు ఈ ద్వారముననే పల్లెలోనికి చొచ్చినవి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లోనే ఆన్‌లైను జూదమును నిషేధించెను. 2022లో కేంద్ర ప్రసారశాఖ పందెపు ప్రకటనలు వలదని హెచ్చరించెను. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి యాడు ఆటలను, వాని ప్రకటనలను నిషేధించుచు చట్టము చేయవలసి వచ్చెను. అయిదేండ్ల యీ యాలస్యమునందు ఎన్ని కుటుంబములు నష్టపడెనో ఆయా గ్రామములవారే యెఱుగుదురు. నేడు జూదము స్థానమున త్వరితఋణములు, సందేహాస్పదమైన మందులు, మూడింతలు దిగుబడి యిచ్చునను ఎఱువులు నిలుచుటకు అడ్డేమున్నది? తెగులు పోగొట్టు మార్గమును వెదకు రైతునకు పాఠమునకు ముందే ప్రకటన యెదురగును. ఏది సలహాయో, ఏది అమ్మకమో ఆతురతలో నున్నవానికి తోపదు.

చట్టము సంగతి చూతము. కేబులు టెలివిజనులకు సంబంధించిన 1994 నాటి నియమావళిలో కాలక్రమమున ఒక హద్దు చేర్చిరి: గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలుండరాదు; అందు 10 నిమిషములు వ్యాపారమునకు, 2 నిమిషములు చానలు తన కార్యక్రమములను చాటుకొనుటకు. చానళ్లు దానిని పాటించుటకు ఇష్టపడక న్యాయస్థానముల కెక్కినవి. అయినను హద్దు అను భావమైనను అచ్చట కలదు. 2021 ఫిబ్రవరిలో ఓటీటీ వేదికలకు చేసిన నియమములలో వయస్సునుబట్టి వర్గీకరణము, ఫిర్యాదులకు మూడంచెల యేర్పాటు కలవు. ప్రకటనల నిడివికి ఇట్టి హద్దు లేదు. గోడమీది టీవీకి వర్తించు న్యాయము చేతిలోని తెరకు ఏల వర్తింపరాదు?

ఆయుధములు బొత్తిగా లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము కలదు. 2023 నవంబరులో ఆ చట్టముక్రింద వెలువడిన మార్గదర్శకములు కొనుగోలుదారుని మభ్యపెట్టు 13 పద్ధతులను పేర్కొని నిషేధించినవి. అందు చందా ఉచ్చు ఒకటి. ఒక సరుకు ఆశ చూపి మఱొకటి అంటగట్టుట వేఱొకటి. అమెరికాలో ప్రైమ్ చందాలోనికి జనులను సమ్మతి లేక చేర్చి, వెడలుటకు దారి కఠినము చేసిరను అభియోగముపై, అమెజాను 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. ఎంతటి కంపెనీయైనను ప్రభుత్వము గట్టిగా నిలిచినచో దిగివచ్చుననుటకు ఇది నిదర్శనము.

కావున ప్రభుత్వమునుండి మేము కోరునవి నాలుగు. చెల్లించిన గడువు తీరులోపల షరతులు మార్చరాదు. మార్చినచో మిగిలిన సొమ్ము తిరిగి యీయవలయును. చందా పుచ్చుకొను వేదికలందు గంటకు ఇన్ని నిమిషములని ప్రకటనలకు హద్దు విధింపవలయును. పిల్లల కార్యక్రమముల నడుమను, పాఠముల నడుమను ప్రకటనలు కూడవు. ప్రతి వేదికయు తాను ప్రసారము చేసిన ప్రకటనలను, వాని యజమానుల పేర్లతో, జనులందఱు చూచుటకు తెఱచి యుంచవలయును.

ప్రజలకును కర్తవ్యము కలదు. ఏడాది చందా ఒక్కమాఱుగా కట్టుటకంటె నెలసరి చందాయే క్షేమము, నచ్చనినాడు మానుకొనవచ్చును. సొమ్ము తానై కోసికొనిపోవు ఏర్పాటును రద్దు చేసికొనుడు. మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదు చేయుడు. ఒక్కని గొంతు వినబడదు, వేయిమంది గొంతు వినబడును. విద్యార్థులకు స్వయంప్రభ చానళ్లు, దీక్షా యాపు ప్రభుత్వ వ్యయముతో నడచుచున్నవి. వానిని వాడుడు, తెలుగున పాఠములు చాలనిచో మఱిన్ని కావలయునని అడుగుడు. గ్రామ గ్రంథాలయమున ఒక తెర పెట్టి పదిమందికి ప్రకటనలు లేని పాఠము చూపుట పంచాయతీలకు అసాధ్యమైన కార్యము కాదు.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మెట్టసీమ మనది. బోరుబావినుండి వచ్చు నీరు ఏ పాదునకు ఎంత పోవలయునో లెక్కించి పాఱించువారము. ఆ లెక్క నీటికే గాని కాలమునకు లేదా? పగలెల్ల ఎండలో పనిచేసినవానికి రాత్రి మిగులు గంట వాని సొంత ఆస్తి. దానిని పరుల పశువులు మేయరాదు. మేయుటకు వీలిచ్చిన కంచెను సరిచేయుట ప్రభుత్వము పని. చేయునంతవఱకు అడుగుట మన పని.