కోరని కొలువు

గలివరు కథను నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు చెప్పాను. తెలుగు వాచకంలో ఆ పాఠం లేకపోయినా, ఖాళీ పీరియడు దొరికితే చాలు, తరగతి గది మరుగుజ్జుల ద్వీపమయిపోయేది. ఇన్నేళ్ళు చెప్పి కూడా, ఆ కథ వ్రాసిన జోనథన్ స్విఫ్టు వృత్తిరీత్యా ఎవరో ఒక్కనాడూ చెప్పలేదు. అడిగినవాడూ లేడు. పదవీ విరమణ తరువాత తీరికగా ఆయన జీవితం చదివినప్పుడు, నేను పిల్లలకు చెప్పవలసిన అసలు కథ అదేననిపించింది.

స్విఫ్టు డబ్లిన్ నగరంలోని సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్‌కు డీన్. ఆంగ్లికన్ సంప్రదాయంలో ఒక ప్రాంతపు మతాధిపతి బిషప్పు. కెథెడ్రల్ అనే ప్రధానాలయ నిర్వహణకూ, అక్కడి పురోహితవర్గానికీ పెద్ద డీన్. 1713 నుండి 1745లో మరణించేవరకు, ముప్ఫై రెండేళ్ళు స్విఫ్టు ఆ పదవిలోనే ఉన్నాడు.

విశేషమేమంటే, ఆ కొలువు ఆయన కోరుకున్నది కాదు. 1667లో డబ్లిన్‌లోనే పుట్టినా, ఆయన మనసంతా లండన్ మీదే. 1710 నుండి అక్కడి టోరీ మంత్రులకు ఆంతరంగికుడై, వారి పక్షాన పత్రిక నడిపి, కరపత్రాలు వ్రాసి, ప్రతిఫలంగా ఇంగ్లండులోనే పెద్ద పదవి ఆశించాడు. కాని 1704లో వెలువడిన ఆయన వ్యంగ్య రచన 'ఎ టేల్ ఆఫ్ ఎ టబ్' ఆన్ రాణికి రుచించలేదంటారు. చివరకు దక్కింది ఐర్లండులోని డీన్ పదవి. 1714లో రాణి మరణించడంతో మిత్రుల ప్రభుత్వం కూలింది. లండన్ తలుపులు మూసుకున్నాయి. సొంత ఊరే ఆయనకు ప్రవాసమయింది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా నాకూ కోరని ఊరికి బదిలీ అయింది. అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేశాను. పాఠాలు ఎగ్గొట్టలేదు, వ్యాకరణం తప్పు చెప్పలేదు. కాని ఏటా బదిలీల జాబితా కోసం ఎదురుచూడడమే తప్ప, ఆ ఊళ్ళో ఎవరి గడపా తొక్కలేదు. నేను పాఠం చెప్పిన పిల్లల తండ్రులు ఏ పని చేసి బ్రతికేవారో నేటికీ నాకు తెలియదు. ఆ ఊరి పేరు వింటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

స్విఫ్టు మొదట కొన్నేళ్ళు మౌనంగానే ఉన్నాడు. కాని ఆయన కెథెడ్రల్ చుట్టూ ఉన్నవి నేతగాళ్ళ వాడలు. ఐర్లండు ఉన్ని బట్టలను ఇతర దేశాలకు ఎగుమతి చేయరాదని 1699లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన చట్టం వారి మగ్గాలను దెబ్బతీసింది. ఆ దైన్యం ఆయన గుమ్మం ముందే ఉంది. 1720లో, ఐర్లండువారు ఐర్లండు బట్టనే కట్టాలని కరపత్రం వ్రాశాడు. మనకు స్వదేశీ ఉద్యమం రావడానికి నూటయెనభై ఏళ్ళకు పైబడిన ముందుమాట అది! విలియం వుడ్ అనే వ్యాపారి రాగి నాణేలు ముద్రించి ఐర్లండు మీద రుద్దే హక్కు సంపాదించినప్పుడు, 1724లో ఒక బట్టల వర్తకుడి పేరుతో లేఖలు వ్రాసి దేశాన్ని కదిలించాడు. రచయితను పట్టి ఇచ్చినవారికి మూడువందల పౌండ్ల బహుమతి ప్రకటించారు. ఆయనెవరో ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. 1725లో ఆ హక్కు రద్దయింది. 'గలివర్స్ ట్రావెల్స్' 1726లో వచ్చింది. పేదల బిడ్డలను ధనికుల భోజనానికి అమ్మమని నిబ్బరంగా సలహా ఇచ్చే 'ఎ మోడెస్ట్ ప్రపోజల్' 1729 నాటిది. మన ఆలంకారికుల వ్యాజస్తుతి కూడా దాని ముందు సాధువే.

ఆయనను సర్వగుణసంపన్నుడనడం నా ఉద్దేశం కాదు. తన చర్చికి చెందని ప్రొటెస్టెంట్లకు సమాన హక్కులివ్వడాన్ని గట్టిగా ఎదిరించాడు. అధికసంఖ్యాకులైన కాథలిక్కుల ఆకలి చూశాడు గాని, వారి హక్కుల కోసం పోరాడలేదు. మనుషులంటేనే గిట్టనివాడని ఆయనపై నింద. కాని పేద వృత్తిపనివారికి వడ్డీ లేకుండా చిన్న చిన్న అప్పులిచ్చినవాడూ, ఆస్తిలో అధికభాగం మానసిక రోగుల ఆసుపత్రికి వ్రాసినవాడూ ఆయనే. 1757లో తలుపులు తెరిచిన ఆ ఆసుపత్రి నేటికీ డబ్లిన్‌లో పనిచేస్తోంది.

పని ఇష్టమైతేనే మనసు పెట్టగలమని ఈనాడు పిల్లలకు నేర్పుతున్నాం. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. ఇష్టం ముందుండాలన్న నియమం లేదు. ఎదుట ఉన్న మనిషిని తలెత్తి చూస్తే అది వెనుకనుంచి కూడా రావచ్చు. స్విఫ్టు తలెత్తి చూశాడు. నేను చూడలేదు. తేడా అంతే.

తన సమాధి ఫలకానికి లాటిన్ వాక్యాలు ఆయనే వ్రాసుకున్నాడు. నల్ల చలువరాతిమీద, పెద్ద అక్షరాలతో, లోతుగా చెక్కాలని వీలునామాలో చెప్పాడు. అందులో గలివరు ప్రస్తావన లేదు, లండన్ వైభవం లేదు. తన పేరు పక్కన చెప్పుకున్న హోదా మాత్రం ఒకటుంది: ఈ కెథెడ్రల్‌కు డీన్ అని.