జిల్లా వచ్చింది, జీవో పోయింది

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అప్పట్లో అరకు కొండల నుంచి చింతూరు దాకా ఒకే కలెక్టరు. పాలన ఆదివాసీకి దగ్గరైందన్నారు.

అంతకు రెండేళ్ల ముందే, 2020 ఏప్రిల్‌లో, ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం కుదరదంది.

రిజర్వేషన్‌తోనే తెలుగు లెక్చరర్నైన దళితుణ్ని నేను. ఒక్కటే అడుగుతున్నా. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకు ఆ భాష రాని పంతులు తెలుగు వాచకం చెబితే, అర్థంకాక బడి మానేసేది ఎవరు? కొండకు కలెక్టరేటు వచ్చి, కొండబిడ్డకు పంతులుద్యోగం పోతే, పాలన ఎవరికి దగ్గరైనట్టు?

జీవో చాలదు, చట్టం కావాలి. అడుగుదాం. జై భీమ్!