ఫోటో వెనక పేరు రాయండి

పాత ఫోటోల్లో మనుషులు మనకేసే చూస్తుంటారు. వాళ్లెవరో మనకి తెలీదు. కింద అక్షరాలు చదివితే పేరుండదు, కులం ఉంటుంది. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏం పని చేసి బతికాడు? ఒక్క ముక్క ఉండదు.

ఇది మరపు వల్ల జరగలేదు. 1857 తిరుగుబాటు తర్వాత, తామెవరిని ఏలుతున్నారో తెల్లదొరలకి తెలుసుకోవాల్సొచ్చింది. 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు లండన్లో అచ్చేశారు. రాజులకీ, జమీందార్లకీ అందులో పేర్లున్నాయి. కూలోడికి కులమే పేరు.

మన మద్రాసు రాష్ట్రంలో ఈ పని ఎడ్గార్ థర్‌స్టన్ చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల్ని నిలబెట్టి ముక్కూ, తలా కొలిచాడు. రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. వయనాడులో పనియ ఆడవాళ్లు తనని చూసి పారిపోయారని ఆయనే రాసుకున్నాడు. తమలో బాగున్నవాళ్లని పట్టుకుపోయి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. ఎవరైనా నవ్వుకుంటారేమో, మేం నవ్వం. ఆ తల్లులు సగం నిజమే కనిపెట్టారు. చర్మం తీసి గడ్డి కూరలేదు గానీ, పేరు తీసి కులం కూరారు.

1876–78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. హూపర్ అనే సైనికాధికారి ఆ కరువు జనాన్ని వరసగా కూచోబెట్టి ఫోటోలు తీశాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పేర్లు మాత్రం ఒక్కటీ దొరకవు. భూమి లేనోడే కరువుకి ముందు పోతాడు. ఆ వరసలో మన ముత్తాతలు లేరని ఎవరనగలరు?

దొరల్ని అని ఊరుకుంటే చాలదు. ఊళ్లో భూస్వామి చేసిందేంటి? ఆయన తాతల పటాలు సావిట్లో పేర్లతో వేలాడతాయి. మనోణ్ణి పిలిస్తే ‘ఏరా’ అని కులం పేరుతోనే పిలిచాడు. మన గుడిసెల్లో ఫోటో అంటే రేషన్ కార్డుది, హాస్టల్ దరఖాస్తుది. పెద్దాయన పోయినాక ఆ కార్డు ఫోటోనే పెద్దది చేయించి దండేస్తాం. మనవడి కాలానికి ఆ పటంలో ఉన్నదెవరో చెప్పేవాళ్లుండరు.

పేరు నిలబెట్టుకోవడం మనకి తెలీని పని కాదు. 1985లో కారంచేడులో ఆరుగురిని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాళ్లు అంకెలుగా మిగలకుండా ఉద్యమం వాళ్ల పేర్లు పలుకుతూ వచ్చింది. చుండూరు అమరుల్ని పూడ్చిన నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. చంపబడ్డవాళ్లకే కాదు, బతికి కష్టపడి పోయినవాళ్లకీ ఆ గౌరవం దక్కాలి.

అందుకని ప్రతి పల్లెలో కార్యకర్తలు ఈ పని పెట్టుకోండి. ట్రంకుపెట్టెల్లో ఉన్న ఫోటోలు బయటికి తీయించండి. ముసలమ్మల దగ్గర కూచోండి. పేరు, ఇంటిపేరు, ఊరు, చేసిన పని, చెప్పినవాళ్ల పేరు అడిగి ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకి దిగుతుంది. సెల్‌ఫోనున్న పిల్లలతో రెండు పక్కలా ఫోటో తీయించి దాచండి. తెలీకపోతే ఊహించి రాయొద్దు. ‘తెలియదు, ఫలానా ఇంట్లో దొరికింది’ అని రాయండి. ఏప్రిల్ 14న వాటిని పల్లె మధ్య పెట్టి అందరికీ చూపించండి. ఒకరికి తెలీని మొహం ఇంకొకరు గుర్తుపడతారు.

ముసలమ్మలు ఎక్కువ కాలం ఉండరు. ఈ పక్షంలోనే మొదలెట్టండి.